పదో మెట్టు

డాట్ కిన్సెల్లా గరాజ్‌లో
గడ్డి కోసే మిషన్‌కీ పాత ఫ్రిజ్‌కీ మధ్య
రెండు స్టూళ్ళు, ఒక ఆంప్లిఫయర్.
మంగళవారాలు బస్సు డ్యూటీ దిగి
యూనిఫాం విప్పకుండానే వెళ్తాను.
పోర్ట్ కెంబ్లా గాలి సగం ఉప్పు, సగం ఇనుము.

"జీ వాయించు" అంది మొదటి రోజు.
సన్న తీగని ఉత్తినే మీటాను.
"అది ఒక చోటు. మిగతా మూడో?"

వెతికాను.
రెండో తీగ మీద ఐదో మెట్టు,
మూడో తీగ మీద పది,
లావు తీగ మీద పదిహేను.
అక్కడికి వేళ్ళు చేరాలంటే
భుజం కూడా వెంట నడవాలి.
(ఆవిడ ఫ్రెట్ అంటుంది, నాకు మెట్టనే వస్తుంది.)

ట్యూనర్‌కి నాలుగూ ఒకటే.
నాలుగుసార్లూ పచ్చదీపం వెలిగించింది.
"దానికి చెవుల్లేవు" అంది డాట్.

నిజమే. ఖాళీ తీగ
వంటింట్లో జారిన స్టీలు పళ్ళెం,
చాలన్నా ఆగదు.
ఐదో మెట్టు ఇస్త్రీ చొక్కా.
పదో మెట్టు దగ్గర అదే జీ
తలుపు దగ్గరగా వేసి మాట్లాడుతుంది.
పదిహేనులో, జలుబు చేసిన మేనమామ.

ఒకే స్వరం, నాలుగు చిరునామాలు...
ఏదో అనబోయాను, ఊళ్ళ గురించి, నా గురించి.
"వద్దు. ఇక్కడ కూర్చున్న ప్రతివాళ్ళూ అదే అన్నారు.
చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తోంది,
తర్వాత ఎక్కడికి పోవాలి,
అది చూడు."

కుడి చేతికి నెల పట్టింది.
బ్రిడ్జి పక్కన మీటితే పళ్ళు బిగబట్టి పలుకుతుంది.
మెడ వైపు జరిగితే
ఉడికిన అన్నంలా మెత్తబడుతుంది.
బొటనవేలు లావు తీగ మీద ఆనించి ఉంచాలి,
పక్కింటి కుక్క మెడపట్టీ పట్టుకున్నట్టు.
వాయించని తీగలతోనే ఎక్కువ పని.

ఒకసారి అడిగాను,
మీరెప్పుడూ ఐదో మెట్టు దాటి
మొదటి మెట్ల వైపు రారేమని.
అల్లం కొమ్ముల్లాంటి కణుపులు చూపించింది.
"అక్కడ మెట్లు ఎడంగా ఉంటాయి. నా చెయ్యి సాగదు.
ఇటొస్తే దగ్గర దగ్గరగా.
ముప్ఫై ఏళ్ళుగా దాన్ని నా స్టైల్ అంటున్నారు."
కెటిల్ స్విచ్ మోచేత్తో నొక్కింది.

ఆగస్టులో మాసిడోనియన్ హాల్లో పెళ్ళి.
గోర్డానా పాడుతోంది.
ఏడు దెబ్బల నడక. వాళ్ళ పేరేదో వాళ్ళు చెప్పారు,
నా మడమ మాత్రం తకిట తకధిమి అని
ముందే ఒప్పేసుకుంది.
చేతులు పట్టుకుని గొలుసుగా తిరుగుతున్నారు జనం,
పెళ్ళికూతురి మేనత్త చివర చేతిరుమాలు ఊపుతోంది.

మూడో చుట్టులో సన్న తీగ తెగింది.
చెంప మీద సన్నగా మంట.
నా పాఠమంతా ఆ ఖాళీ తీగ మీదే కట్టుకున్నాను.

ఎడమ చెయ్యి పదో మెట్టుకి వెళ్ళిపోయింది.
నేను పంపలేదు.
మూడో తీగ మీద జీ,
దాని పక్కనే లావు తీగ మీద డీ,
ఒకే వరసలో, అడుగు తీసి అడుగు వెయ్యక్కర్లేదు.

హాల్లో ఏదో కిందికి దిగింది.
డ్రమ్స్ దగ్గర మిర్కో తలెత్తాడు.
గోర్డానా గొంతు తగ్గించి దాని మీద కూర్చుంది.
వేగం అదే. అడుగులూ అవే.
మేనత్త చేతిరుమాలు జేబులో పెట్టుకుని
నేల వైపు చూస్తూ ఆడింది.

చెప్తే డాట్ నవ్వలేదు.
"తెగకపోతే వెళ్ళేదానివా?"
లేదన్నాను.
సొరుగులోంచి కొత్త తీగ తీసింది.
"పద్దెనిమిది డాలర్లు. వచ్చే వారం మర్చిపోకు."

ఇవాళ వెంట్‌వర్త్ స్ట్రీట్ ఎర్రదీపం దగ్గర ఆగాను.
వెనక స్కూలు పిల్లల గోల.
ముందు కుడి మలుపు.
స్టీరింగ్ మీద చెయ్యి ఎక్కడుందో చూసుకుని
పచ్చ పడకముందే
కొంచెం జరిపి పెట్టుకున్నాను.