వచ్చిన పని

వైకుంఠపురం దగ్గర బస్సు నన్ను దింపేసి పోయింది.
అక్కణ్ణుంచి కొండవాలు మీద
తెగిపడ్డ సైకిల్ చెయిన్‌లా ఒక దారి.
దారి చివర పెంకుల వసారా, రెండు గదులు,
గోడకి ఒక బోర్డు:
"పడక, పొద్దుటి టిఫిను. మిగతా పూటలు మీరే చూసుకోవాలి."
ఎవరో వంకరగా రాసి
సరిచేయబోయి వదిలేశారు.

తలుపు తీసింది సలోమిగారు.
గుంటూరు పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సు.
ఇప్పటికీ మనిషి మొహం కంటే ముందు
మణికట్టు చూస్తారు.
"దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అన్నారు,
పేరైనా అడక్కుండా.

పంతొమ్మిదేళ్లు, అన్నాను.
మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
చొక్కా విప్పినా తేజ ఘాటు ఒంటిని దిగదు.
మా పిల్ల ఒళ్లో కూర్చున్నప్పుడల్లా తుమ్మేది.
ఇప్పుడు దానికి ఒళ్లో కూర్చునే వయసు దాటిపోయింది.

రిజిస్టరు తెచ్చారు.
పేరు. ఊరు. ఫోను. వచ్చిన పని.
నా పై వరసలో బాపట్ల మనిషెవరో "విశ్రాంతి" అని రాశాడు.
ఆ పైన ఒక జంట, "పెళ్లిరోజు".
ఇంకా పైన "ఊరికే", కింద రెండు గీతలు.
కలం పట్టుకుని నిలబడ్డాను.
నా చేతికి అంకెలే వచ్చు.
"రేపు రాద్దురుగానిలెండి," అన్నారామె,
"నది ఎటూ పోదు."

వసారాలోంచి చూస్తే
కింద ఎక్కడో కృష్ణ,
వెడల్పుగా, ఏ పనీ లేనట్టు.
నడిమధ్యలో ఇసక తిన్నె.
దాని మీద ఆరు గేదెలు, ఒక నల్ల గొడుగు,
గొడుగు కింద మనిషి ఉన్నాడో లేడో.
తూర్పున, చాలా దూరంలో, ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు
మబ్బుల్ని కట్టేయడానికి పాతిన గుంజల్లా.
అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను.
పడవలు మూడు. కొంగలు...
కొంగలు లేచాయి. లెక్క తప్పింది.
యార్డులో అయితే మొదటి బస్తా నుంచి మళ్లీ ఎంచాలి.
ఇక్కడ ఎవరూ అడగలేదు.

రాత్రి దీపం ఆర్పితే
చీకటి గోడౌను చీకటిలా లేదు.
దానికి అడుగున ఒక చప్పుడుంది,
ఎవరో చాప పరుస్తున్నట్టు,
పరిచీ పరిచీ ఎంతకీ పూర్తికానట్టు.
రెండింటికి దగ్గొచ్చింది.
గోడ అవతల కుర్చీ జరిగింది,
గుమ్మంలో గ్లాసు పెట్టిన శబ్దం,
వెనక్కి వెళ్లిన చెప్పులు.
వాము నీళ్లు. పొగలు కక్కుతూ.

తెల్లారేసరికి తిన్నె లేదు.
గేదెలు లేవు, గొడుగు లేదు.
ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా
ఎర్రనీరు, అతుకు లేని ఒకే గుడ్డ.
"పులిచింతల గేట్లెత్తారంట,"
మూకుడులో దిబ్బరొట్టె తిరగేస్తూ సలోమిగారు.
"మీరావలి సాయంత్రమే గేదెల్ని తోలుకొచ్చాడులెండి."
మరి తిన్నె?
"నీళ్లు తీస్తే మళ్లీ వస్తది.
అక్కడే వస్తదని చెప్పలేం."

కంచం పక్కన పండుమిర్చి పచ్చడి పెట్టి
నా వంక చూసి గిన్నె వెనక్కి జరిపారు.
నేను ముందుకు లాక్కున్నాను.
ఎంత తూగుతుందో నిద్రలో అడిగినా చెబుతాను,
ఎలా ఉంటుందో మర్చిపోయాను.
కళ్లలో నీళ్లు తిరిగాయి.
దగ్గు మాత్రం రాలేదు.
లేక వచ్చేదేమో, నది వైపు చూస్తూ
దాని సంగతి మరిచానేమో.

పదకొండింటి బస్సుకి ముందు
రిజిస్టరు మళ్లీ నా ముందుకొచ్చింది.
ఆఖరి గడిలో రాశాను:
గేదెలు ఆరు. గొడుగు ఒకటి.
తిన్నె ఒకటి, తెల్లారేసరికి మొత్తం తరుగు.

ఆమె చదివారు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చదివారు.
"పోలీసులొస్తే ఇది చూపించాలండీ" అన్నారు.
కొట్టేయలేదు.
చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు,
గోడ గడియారం వైపు చూస్తూ,
పెదాలు కదిపి లెక్కపెడుతూ.

ఎంతో చెప్పలేదు.
కింద మలుపులో బస్సు హారను కొట్టింది.