చెవి గుర్తు

సెప్టెంబరు. ఐస్‌లాండ్ ఉత్తరాన
కొండల మీంచి గొర్రెలు దిగొచ్చాయి.
గుండ్రటి రాతి దొడ్డి,
బండి చక్రానికి ఆకుల్లా లోపలి గోడలు,
ఇరవై మూడు అరలు, ఒక్కో కమతానికి ఒక్కటి.
పాలక్యాను మీద లాప్‌టాప్ పెట్టుకుని
ముక్కు తుడుచుకుంటూ నేను.
బడిలో లెక్కలు చెప్పేదానివేగా అని
ఈ ఏడూ నాకే అంటగట్టారు.

స్ప్రెడ్‌షీట్ కూడా దొడ్డే అనుకున్నాను.
గడి గడికీ తలుపు,
తలుపు మీద ఒక అక్షరం, ఒక అంకె.
నిరుడు చలికాలమంతా కూచుని
సొంతంగా ఒక ఫంక్షన్ రాశాను:
ఏ కమతం ఎంత మేత రుసుము కట్టాలో
అది తేల్చి చెప్పాలి.
"బి ఏడు" అని చేతికిచ్చాను.
దానికి ముట్టింది నలభై రెండు.

ఉత్త నలభై రెండు.
ఎక్కణ్ణుంచి వచ్చావే అంటే
బిక్కమొహం.
గడప దగ్గరే ఊరూ పేరూ
చెప్పుల్లా విడిచి వచ్చినట్టుంది.

సరే, కొటేషన్ గుర్తుల మధ్య
చిరునామానే అక్షరాలుగా రాసిచ్చాను.
ఇప్పుడు ఇల్లు తెలుసు.
కానీ ఆ ఇంట్లో నలభై రెండు కాస్తా నలభై అయినా
ఉలకదు, పలకదు.
కాగితం మీది చిరునామాకి
తలుపు చప్పుడు వినపడదు.

అసలు కొంప మునిగింది ఆ తరవాత.
హోల్ట్ కమతం ముసలాయన పోతే
కూతుళ్ళిద్దరూ మందని పంచుకున్నారు.
షీట్‌లో ఒక వరస చొప్పించాను.
కిందివాళ్ళంతా ఒక్కో మెట్టు దిగారు.
మామూలు ఫార్ములాలు సణక్కుండా సర్దుకున్నాయి.
కొటేషన్లలో ఉన్నది మాత్రం
పాత తలుపే కొడుతూ నిలబడింది.
నలభై రెండు గొర్రెల స్వాన్‌లొయిగ్‌కి
చిన్నకూతురి నూట తొంభై గొర్రెల బిల్లు వెళ్ళింది.
ఆవిడ ఫోన్‌లో అన్న మాటలు
ఇక్కడ రాయను.

మాకు ఇంటిపేర్లుండవు.
నేను స్టెయిన్‌వోర్, హాల్‌బ్యోర్న్ కూతుర్ని.
ఆయన ఇంకెవరి కొడుకో.
ఎవరి పేరు విన్నా
వేలు ఒక గడి పైకే చూపిస్తుంది.
డాలర్ గుర్తు కొట్టి మేకులా బిగించిన పేరు
మా లోయలో దాదాపు లేదు.
ఇన్నేళ్ళూ ఆ పేరు మోస్తూ
ఫార్ములా రాసేదాకా నాకిది తట్టలేదు.

ఇంతలో మా నాన్న
ఒక గొర్రెని మోకాళ్ళ మధ్య ఇరికించాడు.
ఎనభై ఒకటి ఆయనకి. కళ్ళజోడు జేబులోనే ఉంది.
బొటనవేలితో చెవి అంచు తడిమి,
"ఎడమ చెవి కొస కోశారు, కుడిదానికి వెనక గంటు.
స్వాన్‌లొయిగ్‌ది," అని
కొమ్ములు పట్టి అటువైపు ఈడ్చుకుపోయాడు.

అరలన్నీ తారుమారు చేసినా
ఆ గొర్రె ఇల్లు దాని చెవిలోనే ఉంటుంది.

వేళ్ళు కొంకర్లు పోతుంటే అక్కడే మార్చాను.
ఇప్పుడు నా ఫంక్షన్‌కీ రెండు చెవులు.
ఒకదాంట్లో విలువ. అది మారితే
ఉలిక్కిపడి లేస్తుంది.
రెండోదాంట్లో చిరునామా. నేను రాసింది కాదు,
ఆ గడినే అడిగి అప్పటికప్పుడు చెప్పించింది.
వరస చొప్పించి చూశాను.
గడి జరిగింది, చిరునామా కూడా జరిగింది.
మొత్తం ఆరు లైన్లు.
ఒక చలికాలం, ఒక వేసవి, ఆరు లైన్లు.

నాన్నకి చూపించాను.
"ఊఁ," అన్నాడు.
"మరి దీని సంగతి?" అని
గుర్తే లేని పిల్లనొకదాన్ని ముందుకి తోశాడు.
ఏ కత్తీ తగలని చెవులు రెండూ నున్నగా ఉన్నాయి.
ఏ అర వైపూ పోలేదది.

టైప్ చేశాను.
రెఫ్ ఎర్రర్ అంది గడి.
చెరపబోతుంటే
పిల్ల వచ్చి పాలక్యానుని
తలతో ఒక్కటిచ్చింది.