పొరుగు నరం

ఫారం మీద పేరుండదు, అంకె ఉంటుంది.
కుడి దండ. మగ. అరవై ఏడు.
కింద డాక్టరు కోడిగీతల్లో ఒక్క ముక్క:
పందెం పావురాలు పెంచుతాడు,
ఆరు నెలలుగా బుట్ట ఎత్తలేకపోతున్నాడు.

చిక్కుడుగింజంత కండ.
చల్లటి పొగలో ముంచగానే గాజుపూసయింది.
మైనస్ ఇరవైలో, కత్తి కింద,
తలవెంట్రుకలో ఏడో వంతు మందాన కోస్తాను.
బయట న్యూకాసిల్‌లో జనవరి.
పెట్టె లోపలా జనవరే.
"వేళ్లెలా ఆడతాయే నీకు?" అంటుంది డొరీన్.
పదకొండేళ్లుగా అదే మాట, అదే కార్డిగన్.

రంగు వెయ్యకముందు అన్నీ ఒకటే పోగులు.
పని చూస్తేనే తేడా.
ఎర్రవి నెమ్మది. రక్తానికి పక్కింట్లో కాపురం,
ఊపిరి అందినంతసేపూ అలుపనవు.
పొద్దుటి నుంచీ నేనీ బల్ల ముందు నిలబడ్డానంటే
నా పిక్కల్లో అవి నిలబెట్టబట్టే.
తెల్లవి దుబారా మనుషులు.
జేబులో ఉన్నదంతా ఒక్క దెబ్బకి ఖర్చుపెట్టి
నాలుగంగల్లో గోడకి చేరబడతాయి.
నిన్న సాయంత్రం బస్సు వెనక పరిగెత్తింది అవే.
బస్సు దొరకలేదు.
వెస్ట్‌గేట్ రోడ్డు ఎత్తంతా ఎక్కించి
నన్నింటికి చేర్చింది మళ్లీ ఎర్రవే.

మధ్యరకం ఒకటుంది,
ఉరకమంటే ఉరుకుతుంది, ఉండమంటే ఉంటుంది.
పావురం రొమ్ము నిండా దాదాపు అదే.
ఆదివారం నేను కోసే కోడి రొమ్ము
తెల్లగా, బద్ధకంగా ఉంటుంది,
ఎగరని రెక్కకి ఎరుపెందుకు?
ఆయన పక్షులు మాత్రం ఫ్రాన్సులో వదిలితే
సముద్రం దాటి గేట్స్‌హెడ్‌లో గూడు వెతుక్కోవాలి.

బరువేదైనా ఒళ్లు ముందు చిన్నవాటినే పిలుస్తుంది.
టీ కప్పుకి అవి చాలు.
బుట్టకి ఇంకొన్ని.
బీరువా మీద పడబోతేనే
వీధి చివరి పెద్దిళ్ల తలుపులు బాదుతుంది.
ఏళ్ల తరబడి ఎవరూ తట్టని తలుపులుంటాయి.
వయసు మళ్లాక ముందు ఖాళీ అయ్యేవి ఆ ఇళ్లే.

ఇక రంగు.
ఆమ్లంలో నాననిస్తే నెమ్మదివి నల్లబడతాయి,
క్షారంలో వేస్తే అవే తెల్లబోతాయి,
పక్కవాటికి నలుపెక్కుతుంది.
ఎవరు నలుపో చెప్పేది కండ కాదు, గిన్నెలో ద్రావకం.
మొదటి ఏడాది ఇది తలకెక్కక
బాత్రూంలో ఏడ్చాను కూడా.

బాగున్న కండ
నువ్వులూ బియ్యమూ కలిపి చల్లినట్టుంటుంది.
ఈయనది అలా లేదు.
ఎవరో చేటలో పోసి చెరిగారు.
నువ్వులన్నీ ఒక మూల. బియ్యమంతా ఒక మూల.
నడుమ అక్కడక్కడా నలిగిన తవుడు.

అంటే ఎక్కడో ఒక నరం చచ్చిపోయింది.
అది పోషించే పోగులు దిక్కులేక ముడుచుకున్నాయి.
అప్పుడు పొరుగు నరం, తన సంసారం తనకుండగానే,
గోడ మీంచి ఒక కొమ్మ చాచి
అందినవాటిని అందినట్టు పట్టుకుంది.
పట్టుకున్నాక తన తాళం నేర్పింది.
ఉరికే పోగు నెమ్మదైంది,
ఎవరి తిండి తింటే వాళ్ల నడక.
పుట్టుకతో వచ్చిందనుకున్న రంగు
నరం మోగిస్తున్నంతసేపే.

ఎంతకాలం మోస్తుంది?
స్లైడు ఆ మాట చెప్పదు.
నేను మళ్లీ మళ్లీ చూశాను, నా పని కాకపోయినా.

రిపోర్టులో ఒక్క వాక్యానికే చోటుంది:
పోగులు రకాలవారీగా గుంపు కట్టాయి.
పెంచుకున్నది ఎవరో రాసే గడి లేదు.
కింద సంతకం నాది కాదు.

స్లైడుని నలభై ఒకటో గాడిలో దించాను.
డొరీన్ కెటిల్ పెట్టింది,
పాలు విరిగాయని తిడుతోంది.
ఏటికి అవతల ఆయన ఈపాటికి
బుట్ట ఎడమ చేతికి మార్చుకుని ఉంటాడు.