మరక లేని సందు

మంచాలకట్ట రేవుల పొద్దుగాల్ల సంది
ఏడుసార్లు గాలి తీసినం.
స్క్రూ ఒదులు చేసుడు, చేతిపంపు నొక్కుడు,
నురగ పోయి డీజిల్ సాఫుగ కారినంక బిగిచ్చుడు.
ఇంజన్ లేస్తది, దడదడమంటది,
కృష్ణ నడిమిట్లకు పోయి
చెప్పే ముచ్చట మరిచిపోయినోని లెక్క
ఆగిపోతది.

ఆగినప్పుడల్లా
అటు సీమ గట్టు, ఇటు మా గట్టు
ఒక్క తీరుగ దూరం.
బోటుల రెండు మేకలు, ఒక స్కూటర్,
ఎండకు వాడుతున్న మిరపనారు.
కుర్మయ్య తెడ్డు తీసిండు, ఏమన్లేదు.
అనకపోవుడే పెద్ద తిట్టు.

పైపుల పొంటి అరచెయ్యి రాసిన.
చుక్క లేదు, మరక లేదు.

"కారేది దొరుకుతది బిడ్డా,
పీల్చేది దొరకది" అన్నడు మైబన్న.
"పంపు దాటినంక ఒత్తుడు, పంపు ముందట గుంజుడు.
గుంజే కాడ సందుంటే
డీజిల్ బయటికి రాదు, గాలి లోపటికి పోతది.
టాంకి నిండుగున్ననాడు ఎన్నడన్న ఆగిందా?"

యాది చేసుకున్న.
ఆగలేదు. సగానికి దిగినంకనే.
"మరి!" అని బీడీ చెవిల పెట్టుకున్నడు.

సబ్‌సెంటర్ల సువార్తమ్మను సెలైన్ పైపు అడిగిన.
"ఎవరికి?"
"బోటుకు."
"డేటు అయిపోయిందొకటున్నది, తీస్కపో."

టాంకి మూతి దాటంగనే కట్టినం.
అండ్ల తంగేడు పువ్వు రంగుల డీజిల్ పారుతున్నది.
చూస్తుండంగనే ఆవగింజంత బుడగ.
ఎనకనే ఇంకోటి.
తమ్మునికి పాము కుట్టిన రాత్రి
కొల్లాపూర్ దవాఖానల
ఇసొంటి పైపునే చూసుకుంట తెల్లార్లు కూసున్న.
బుడగను పట్టుడు అప్పుడే వచ్చింది.

మూతి కాడి బోల్టు ఇప్పితే
కింద రాగి వాషర్, ఎంటికంత గీత.
పోయినేడు నేనే బిగిచ్చిన.
పాతదే ఏసిన,
ఇరవై రూపాయలు మిగుల్తయని.

ఇంకోటి లేదు. కొల్లాపూర్ పోయి రావాలె.
మైబన్న దాన్ని తీగకు గుచ్చి
చాయ్ పొయ్యిల ఎర్రగ కాల్చి
కృష్ణల ముంచిండు. సుయ్‌మన్నది.
"ఇనుము గట్టివడ్తది, రాగి మెత్తవడ్తది.
గీతను రాయి మీద రుద్ది ఎయ్యి,
మెత్తగున్నదే సందు మూస్తది."

మల్ల మేకలు ఎక్కినయి.
నేను నీళ్ల దిక్కు చూడలే, పైపు దిక్కే.
నడిమిట్లకు పోయినం. దాటినం.
ఒక్క బుడగ లేదు.

కుర్మయ్య పాట లెక్కనేదో గొణుగుతున్నడు.
అటు గట్టు అందేదాక
ఇరవై రూపాయల ముచ్చట
నా లోపట్నే ఉన్నది,
మరక లేకుండ.