బస్తా అడుగున గుర్తు

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
చెంగయ్యకి అక్షరాలు రావు.
నీలిరంగు డబ్బాలో వేపపుల్ల ముంచి
గోనెబస్తా అడుగున గీస్తాడు.
రెండు గీతలూ చుక్కా అంటే ఢిల్లీ.
బోర్లించిన కొడవలి, మద్రాసు.
ఏమీ గీయకపోతే ఊళ్ళో ఊరగాయకే.

పైన మూతి దగ్గర రాయొచ్చుగా అన్నాను.
"కుట్టినకాడ పట్టుకుని లాగతారు మేడం, చినిగిపోతాది.
అడుగునయితే భద్రంగా ఉంటాది."

నేను నవ్వలేదు. పొద్దున్నే అదే పాఠం చెప్పి వచ్చాను:
కేంద్రకంలోంచి బయల్దేరిన ఆర్‌ఎన్‌ఏ సందేశానికి
చెప్పాల్సిందంతా అయిపోయాక
చివర ఇంకా కొన్ని అక్షరాలుంటాయి.
ఏ ప్రొటీనుగానూ మారవు.
ఉత్త తోక అనుకుని పరీక్షల్లో నేను వదిలేసిన పేజీ.
చిరునామా అక్కడుంది.
దాన్ని గుర్తుపట్టే ప్రొటీనొకటి వచ్చి వాటేసుకుని
దారి పొడుగునా నోరు మూసి ఉంచుతుంది,
ఇక్కడ కాదు, ఇంకా రాలేదు మన చోటు.
కింద రెండుకాళ్ళ మోటారు, తనకంటే పెద్ద మూటతో,
సన్నటి గొట్టం మీద.
అడుగుకో ఏటీపీ కూలి.
అరువు లేదు.

మురిగిన కాయల గుట్ట మీద
నువ్వుగింజంత ఈగలు, ఎర్రకళ్ళవి.
వాటి కోసమే వచ్చాను, సీసాల్లో పెంచడానికి.
చెంగయ్యకి చెప్పాను: ఆ ఈగ గుడ్డులో
ఒక మూట ముందుకి చేరితే అక్కడ తల,
ఇంకోటి వెనక్కి చేరితే అక్కడ పొట్ట.
వెనక దించాల్సింది ముందూ దించారా,
రెండు వైపులా తోకే. తల ఉండదు. నోరుండదు.

"మాకూ అయింది ఒకసారి.
జొరంతో నేను పడుకుంటే మా బామ్మర్ది గీసినాడు.
పచ్చికాయ మద్రాసుకి, పండు ఢిల్లీకి.
నాలుగు రోజులకి లారీ తలుపు తీస్తే
నీళ్ళు కారతా ఉండాయంట."
కాసేపు ఈగల వంకే చూశాడు.
"ఇంత గుడ్డులో ఎవురు గీస్తారు మేడం?"

తెలియదన్నాను. నిజానికి కొంత తెలుసు,
కానీ అతనడిగింది అది కాదు.

నా అరబస్తాకి గుర్తు లేదు.
పుల్ల ముంచి రెండు సున్నాలు చుట్టి
మధ్యన గీతతో కలిపాడు.
ఏమిటది?
"మీ కళ్ళజోడు."

నన్నెన్నడూ చూడని ఆటో కుర్రాడు
స్టాఫ్‌రూములో ఆరుగురిని దాటుకుని
నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి దించాడు.