గాజు పలక

టికెట్ గది తాళం ఇంకా తీయలేదు.
ఇది వానా కాదు, మంచూ కాదు.
హార్ అంటారట ఈ ఊళ్లో దీన్ని:
సముద్రం మీంచి లేచి, గుట్ట ఎక్కి,
గోడ కిటికీల్లోంచి లోపలికి తొంగిచూసి
ఎవరూ లేరని తెలిశాక
తీరిగ్గా కూర్చుండిపోయేది.

డన్‌ఫర్మ్‌లిన్ రాజమందిరానికి
గట్టిగా మిగిలింది ఒక్క గోడ.
లోయ అంచున నిలబడి
ఇటు పచ్చిక, అటు చెట్ల తలలు.
పై అంతస్తు పొయ్యి గాలిలో వేలాడుతోంది.
దాని ముందు చలి కాచుకోవాలంటే
ముందు నేలని తెచ్చుకోవాలి.
బూడిదరంగు మెడల చిన్నకాకులు
కాపురం పెట్టాయి అందులో.
పొద్దున్నించీ పుల్లలు మోస్తున్నాయి పొయ్యిలోకి,
అంటించే ఉద్దేశం మాత్రం లేదు.

యూఫన్ రింటూల్ వచ్చింది,
ఒక చేతిలో తాళాలగుత్తి, ఇంకో చేతిలో లావుపాటి టార్చి.
"రాజులు పుట్టిన చోటు చూస్తారా,
సన్యాసులు అన్నం తిన్న చోటు చూస్తారా?"
జవాబు కోసం ఆగకుండానే
"ముందు నా పని" అంటూ నడిచింది.

వంటింటి మెట్లు దిగాం.
ఎప్పుడో ఆరిన మంటల వాసన కోసం పీల్చి చూశాను.
నాచు వాసన,
ఆమె కోటు జేబులోంచి పిప్పరమెంటు వాసన, అంతే.
ఆమె మోకాళ్లు మెట్టుకో మాట అంటున్నాయి.
ఆమె వినిపించుకోవడం లేదు.

గోడలో బీట. నా చూపుడువేలు దూరేంత.
దానికి అడ్డంగా
అరచేతి పొడుగు గాజు పలక.
రెండు కొసలా సున్నంతో అతికించి ఉంది.
మూలన ఒక తేదీ, రెండు పొడి అక్షరాలు.
"గోడ కదిలితే ముందు ఇది పగులుతుంది.
రాయి దాచుకుంటుంది.
గాజుకి దాచడం చేతకాదు."
టార్చి వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకి,
బియ్యంలో రాళ్లు ఏరేటంత నిదానంగా.

పగల్లేదు.
చిన్న పుస్తకంలో రాసుకుంది,
పై పేజీ నిండా అదే మాట.

సగం మెట్ల మీద, ఊపిరి కోసమన్నట్టు ఆగి, చెప్పింది:
ఆ అక్షరాలు తన భర్తవట. రాతిమేస్త్రీ.
పలక అతికించి పదకొండేళ్లు,
ఆయన పోయి పదేళ్లు దాటింది.
మొన్న ఎడింబరో నుంచి కుర్రాళ్లు వచ్చారట,
గోడ ఒళ్లు విరిస్తే చాలు
వాళ్ల ఫోనుకి కబురు పంపే పెట్టె బిగిస్తామని.
"బిగించుకోండి నాయనా,
దీని పక్కన బోలెడు జాగా ఉంది" అందట.

తెలివితక్కువ ప్రశ్న ఒకటి వేశాను:
ఎలాగూ కూలిందే కదా, మిగతాదీ కూలనిస్తే ఏం?
కోప్పడలేదామె.
"కూలడం అందరికీ వచ్చు.
ఇంతదాకా కూలి, ఇక్కడ ఆగాలి చూడు,
దానికే ఈ చాకిరీ అంతా.
వేసవి వస్తే సందుల్లో మొలిచింది పీకాలి,
సున్నం కూరాలి,
కిటికీ పైరాయికి ఊతం మార్చాలి.
రాజులున్న రోజుల్లో కూడా
దీన్నిలా రోజూ తడిమినవాళ్లు ఉండి ఉండరు."
ఇంకేదో అనబోయి పిప్పరమెంటు నోట్లో వేసుకుంది.
నాకూ ఒకటిచ్చింది.

పదిగంటలకి బడిపిల్లలు దిగారు బస్సులోంచి,
పచ్చికంతా ఎర్ర స్వెటర్లు.
ఆమె అటు వెళ్లాక
నేను మళ్లీ మెట్లు దిగాను ఒక్కణ్నే.
ఎందుకో తెలీదు.
ఫోను వెలుగులో దగ్గరికి వంగి చూస్తే
పలక మధ్యలో తెల్లటి గీత!
గుండె జారింది.
నా వల్లేనా, నేనేమైనా తాకానా,
పైకెళ్లి ఏ మొహంతో చెప్పాలి అనుకుంటుంటే

గీత అంచుల నుంచి కరగడం మొదలైంది.
నా ఊపిరే, గాజు మీద.

నోరు మూసుకుని, ముక్కు కూడా బిగబట్టి,
అది పూర్తిగా పోయేదాకా నిలబడ్డాను.
తేదీ తేలింది. ఆ తర్వాత రెండు అక్షరాలు.

పైన ఎవడో గడుగ్గాయి అడుగుతున్నాడు
రాజుగారి కక్కసు ఎక్కడని.
యూఫన్ గొంతు వినిపించింది, పదేళ్లు తగ్గి:
"రండి రండి, చూపిస్తాను,
అదొక్కటీ చెక్కుచెదరలేదు."