గ్లౌజుల వాక్యం

హాలు తాళం నా దగ్గరే ఉంటుంది.
శుక్రవారం ఆరింటికల్లా వచ్చి
మూడు హీటర్ల మీటలూ నొక్కుతాను.
ఒకటి వెలుగుతుంది,
అదీ దాని బుద్ధి బాగున్న రోజున.
పీటర్‌హెడ్ రేవు గాలి
ఎవరో వచ్చినట్టు తలుపు తడుతూనే ఉంటుంది.
తీస్తే, ఉప్పు.

నా చిన్నప్పుడు ఈ చెక్క నేల మీద
అరవై జతల బూట్లు ఒక్కసారే మడమ తిప్పేవి.
నా బెల్టు బిళ్ళలో నా పళ్ళు కనిపించేవి.
ఇప్పుడు ఏడుగురు.
స్ట్రూవన్, కవలలు మిర్రెన్, కెర్,
ముక్కు చీదడం రాని ఫెర్గస్,
ఎంత చెప్పినా పేర్లు నిలవని అక్కచెల్లెళ్ళిద్దరు,
చేపల ఫ్యాక్టరీ ఇళ్ళ నుంచి కొత్తగా ఉగ్నే.
లిథువేనియా మాటట, నిప్పని అర్థమట.
"అయితే ఆ హీటర్ పక్కన నిలబడమ్మా, దానికి కాస్త నేర్పు" అన్నాను.
నవ్వలేదు. నా ఇంగ్లీషు ఇక్కడివాళ్ళకే సగం అర్థమవుతుంది.

బంతాట, నారింజ నీళ్ళు, విరిగిన బిస్కెట్లు.
ఆ తర్వాత చాప మీద కంఠత వాక్యం.
తప్పు లేకుండా అప్పజెబితే
విల్మా తన చేత్తో గుడ్డ బ్యాడ్జి గుచ్చుతుంది.
ఫెర్గస్ మూడు వారాలుగా గొర్రెల దగ్గరే ఆగిపోయాడు.

ఆ రాత్రి ఉగ్నే తనంతట తనే లేచింది.
చేతులు వెనక్కి కట్టుకుని
వాళ్ళ భాషలో, గుక్క తిప్పుకోకుండా,
చివరి మాట దగ్గర గొంతు పెంచి చెప్పేసింది.
తప్పో ఒప్పో తేల్చేవాళ్ళు
ఆ హాల్లో ఎవరూ లేరు.
పైనున్నాయనకి అన్ని భాషలూ వచ్చంటారు, అంతే.
విల్మా బ్యాడ్జి గుచ్చింది.
అందరం చప్పట్లు కొట్టాం, చలికి కూడా.

ఎనిమిదింటికి వాళ్ళమ్మ వచ్చింది,
రబ్బరు బూట్లతో, జుట్టుకి వల టోపీతో.
కూతురు మళ్ళీ చెప్పి వినిపించింది.
ఆమె మొహం చేతుల్లో దాచుకుంది.
నవ్వో ఏడుపో మొదట తెలియలేదు.
"వాక్యం కాదండీ ఇది.
మా షెడ్డు గోడ మీది నోటీసు.
చేతులు కడుక్కో.
గ్లౌజు చిరిగితే మార్చుకో.
కత్తి ఎటు చూస్తోందో చూసుకో.
పక్క మనిషికి రక్తం కారితే
బెల్టు ఆపు, కేక వెయ్యి."

పిల్ల చెయ్యి అప్పటికే
బ్యాడ్జి మీదికి వెళ్ళింది, విప్పడానికి.

విల్మా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ షెడ్డులోనే చేపలు కోసింది.
ఎడమ చేతి చూపుడువేలికి గోరు లేదు,
గోరుండే చోటూ లేదు.
ఆ రోజు బెల్టు ఆపిందెవరో
ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.
పిన్ను సరిగ్గా బిగించి
"ఉంచుకో" అంది. అంతే అంది.

మరుసటి శుక్రవారం ఫెర్గస్
గొర్రెల్ని వదిలేసి
ఉగ్నే పక్కన చేరాడు,
"నాకూ గ్లౌజులది నేర్పవా?"
నేను రెండో హీటర్ మీట
మళ్ళీ ఒకసారి నొక్కి చూశాను.
వెలగలేదు.